తాత చాకు కరిచిన వేళ్లు

మొన్న మానుకోట పోయాను. రైలు టిక్కెట్టు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ, ఆ బండి దిగేవాళ్లలో అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. మా చెల్లెలు సుగుణ ఇంట్లో మధ్యాహ్నం భోజనం చేసి, ఆ భోజనం ధాటికి రవిక గుండీ ఒకటి తెగిపోతే, సూదీ దారం కోసం ఆమె కుట్టుమిషను సొరుగు లాగాను. ఆ సొరుగులో ఒక చిన్న సంస్థానం ఉంది. జతలేని గుండీలు, విరిగిన సూదులు, అరిగిన సుద్దముక్కలు, ఏ పండుగ నాటిదో ఎండిపోయిన జాజికాయ. వాటన్నిటి కింద, రంగురంగుల దారాలు చుట్టుకుని, మా తాత మడతచాకు పడుకుని ఉంది. నేను చెయ్యి పెట్టబోయేసరికి వంటింట్లోంచి చెల్లెలు కేకవేసింది.

"అక్కా, పైలం! అది కరుస్తది."

"నాకు తెల్వదానే? నువ్వు పుట్టకముందు నుంచి కరుస్తున్నది."

"మొన్న మా ఇంటాయనను గూడ కరిసింది. గోర్లు తీసుకుంట కూసున్నడు, పటుక్కున పట్టింది. అప్పటి సంది దానికి దండం పెట్టి దూరంగ తిరుగుతున్నడు."

మరిదిగారి వేలు పిలిపించి చూశాను. కుడిచేతి చూపుడువేలు, నడిమి కణుపు, అడ్డంగా ఒక గీత. ఆ గీతను చూడగానే, ఎవరో చిన్ననాటి చుట్టం ముప్పై ఏళ్ల తర్వాత గుమ్మంలోకి వచ్చి నవ్వినట్టయింది. ఎందుకంటే నేను పెరిగిన ఊళ్లో సగం మందికి ఆ వేలు మీద, ఆ కణుపు మీద, అదే గీత ఉండేది. ఒకసారి చెయ్యి చూసి జాతకం చెప్పే మనిషి మా ఊరికి వచ్చి, నాలుగిళ్లు తిరిగి, ఈ ఊరి మగవాళ్లందరికీ రెండో పెళ్లి గీత ఉందని చెప్పాడు. ఆడవాళ్లు చీపుర్లు తీసుకుని ఆయనను జనగామ పొలిమేర దాకా సాగనంపారు. పాపం, ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. గీత ఉన్నమాట నిజమే. అది గీసింది బ్రహ్మదేవుడు కాదు, మా తాత చాకు.

చాకు అంటే పెద్దదేమీ ఊహించుకోకండి. మూస్తే తాత చూపుడువేలంత, తెరిస్తే ఆ వేలికి ఇంకో వేలు అతికించినంత. దుప్పికొమ్ము పిడి, ఒకటే అలుగు. ఇప్పటి చాకులకు తెరవగానే లోపల గొళ్లెం పడుతుందట, మీట నొక్కితే తప్ప మడతపడవట. దీనికి అంత మర్యాద తెలియదు. లోపల ఒక ఉక్కు కమాను ఉంటుంది. అది అలుగు మడమను అదిమి పట్టుకుంటుంది, అంతే. పదునువైపు ఏనుగు ఎక్కి కూర్చున్నా నిలబడుతుంది. వీపువైపు చీమ బరువు పడితే చాలు, తలుపు మూసినట్టు మూసుకుంటుంది, నడుమ ఎవరి వేలు ఉందో విచారించదు. జనగామలో తాతకు ఉర్దూ నేర్పిన ఉస్తాదు, చదువు పూర్తయిన రోజున ఈ చాకును నేల మీద పెట్టి, తీసుకో అన్నాడట. చేతికివ్వలేదు. చాకు చేతికిస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పడదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని తాత చాకుతోపాటు ఇంటికి తెచ్చుకున్నాడు.

మా ఊరు జనగామకు రెండు కోసుల దూరం. మా బాపు భూపాలపల్లి అడవిలో వెదురు నరికే కూపుల దగ్గర మేస్త్రీ. అక్కడ పిల్లలకు చలిజ్వరాలు వస్తున్నాయని నన్ను తెచ్చి తాత దగ్గర, అవ్వ దగ్గర వదిలిపెట్టాడు. అవ్వ పనిలో సాయం దొరికిందనుకుంది, తాత శిష్యురాలు దొరికిందనుకున్నాడు. తాత గెలిచాడు. తాత పేరు రాజలింగం, వృత్తి అర్జీలు రాయడం. ఆ కాలంలో నిజాం సర్కారుకు ఉర్దూ తప్ప ఇంకో భాష చెవికెక్కదు. ఎవరి దున్నపోతు తప్పిపోయినా, ఎవరి పొలం గెట్టు జరిగినా, ఆ ఏడుపును ముందు మా తాత అరుగు మీదికి తెచ్చి ఉర్దూలోకి మార్పించుకోవాలి. తాత రాసిన అర్జీ చదివి ఒక తాసిల్దారు కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత అర్జీ కొట్టేశాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. కొట్టేసిన సంగతి మెల్లగా చెప్పుకునేవాళ్లం.

ఆ ఇంట్లో తెల్లవారడం కోడి కూతతో కాదు, చాకు తెరుచుకున్న చప్పుడుతో. టిక్. తాత వేపపుల్ల చెక్కుకుంటున్నాడని అర్థం. కాసేపటికి ఇంకో టిక్, అది పొగాకు కాడ చీల్చడానికి. ఆ తర్వాత చాకు ఊరిది. పొలం పోయే మనిషి అరికాలిలో తుమ్మముల్లు దిగితే కుంటుకుంటూ మా అరుగుకే వచ్చేవాడు. ఎండకాలం ముంజల గెల దిగితే, ముంజ కన్ను గిల్లకుండా పైచర్మం ఒలవడానికి చాకు కావాలి. విస్తర్లు కుట్టే ఈనెలు సన్నగా చీల్చడానికి కావాలి. పచ్చి మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూ కారం అద్దడానికి మాకు, అంటే పిల్లల మూకకు, కావాలి. జొన్నచొప్ప బెండుతో నేను చేసిన ఎడ్లబండి ఎంత బాగా కుదిరిందంటే, నిజం ఎడ్లు దాన్ని చూసి సిగ్గుపడి మేత మానేశాయి. ఇప్పుడు మా ఇంట్లో కూరగాయలకు ఒక కత్తి, రొట్టెకు ఒక కత్తి, పండ్లకు ఒక కత్తి, పెన్సిళ్లకు ఒక మర, గోళ్లకు ఇంకో మర ఉన్నాయి. అవసరానికి వాటిలో ఒక్కటీ దొరకదు. అప్పుడు ఊరు మొత్తానికి ఒకే చాకు. అది ఎక్కడుందో ఎద్దులకు కూడా తెలుసు.

చాకు అడిగితే తాత లేదనడు. మొలతాడుకు కట్టుకున్న సంచిలోంచి తీసి, మూసి, నేల మీద పెట్టేవాడు. పుచ్చుకున్నవాడు తిరిగి తెచ్చినప్పుడు తుడిచి, మూసి, నేల మీదే పెట్టాలి. ప్రతి మనిషికీ, ప్రతిసారీ, తాత ఒకే మాట చెప్పేవాడు. "మొన గుచ్చి పైకి లేపకు. కోస్తె కోసుకో, కని తవ్వకు." అందరూ తల ఊపేవారు. అందరూ తవ్వేవారు. మధ్యాహ్నానికి ఒకడు వేలు నోట్లో పెట్టుకుని వచ్చేవాడు, అవ్వ నల్లాలం ఆకు పసరు పిండి గుడ్డ కట్టేది, తాత అరుగు మీద కూర్చుని పరమానందంగా నవ్వేవాడు. "నలభయ్యేండ్ల సంది నా చేతిలున్నది. నన్ను ఒక్కసారి కరిసిందారా? మనిషిని బట్టి కరుస్తది." అది ఆయన గర్వం. ఊరి దొర గడికి పదహారు గదులు ఉండవచ్చు, తాతకు గీత లేని చూపుడువేలు ఉంది.

ఇన్ని పనులు చేసినా, చాకు పుట్టింది మాత్రం కలం చెక్కడానికే. బాపు పంపిన భూపాలపల్లి వెదురు పుల్లలను తాత అటక మీద పొగ తగిలేచోట ఏడాది ఉంచేవాడు. అవి తేనెరంగుకు వచ్చాక ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి వినేవాడు, దవాఖానలో డాక్టరు ఛాతీ విన్నట్టు. ముందు ఏటవాలుగా ఒక లోతైన కోత. తర్వాత రెండు భుజాలు తగ్గించడం. ఆ తర్వాత మొనతో నడుమ సన్నటి చీలిక. ఆఖరికి కలం ముక్కును కొమ్ముముక్క మీద ఆనించి, చాకుతో ఒకే ఒక్క నొక్కు. టక్. ఆ చివరి కోత వాలులోనే రాత అందమంతా ఉంటుంది. ఉర్దూలో అక్షరాలు సగం, చుక్కలు సగం. కలాన్ని ఒకసారి ఆనించి ఎత్తితే పడే చుక్క గుండ్రంగా ఉండదు, పక్కకు వాలిన పటికబెల్లం ముక్కలా ఉంటుంది. తాత చుక్కలు నాలుగు మూలలూ పదునుగా, కాగితం మీద నిలబడి మనల్ని చూస్తున్నట్టుండేవి. ఇప్పటికీ ఎక్కడైనా వెదురు చెక్కిన వాసన, ఆముదం వాసన, దీపం మసిలో తుమ్మజిగురు కలిపిన సిరా వాసన ఒకేసారి తగిలితే నేను ఉన్నచోటే నిలబడిపోతాను. బజారులో ఈ మూడూ ఒకేచోట తగలవు కనుక నా కాలం మామూలుగానే గడుస్తున్నది.

ఆ విద్య నాకు నేర్పాడు. ఆడపిల్లకు చాకు ఎందుకని అవ్వ వారం రోజులు గిన్నెలు గట్టిగా పెట్టింది. నేను పదకొండు కలాలు పాడుచేశాను. ఒకటి మరీ పొట్టిదై పోకచెక్కలా మిగిలింది. చాకు నన్ను మూడుసార్లు కరిచింది. ఆ గీతలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పన్నెండో కలం కుదిరింది. తాత దాన్ని సిరాలో ముంచి కాగితం మీద ఒక చుక్క పెట్టాడు. దాన్ని చూశాడు. మళ్లీ చూశాడు. "ఊఁ" అన్నాడు. కలాన్ని తన దస్తరు సంచిలో వేసుకుని లేచిపోయాడు. అంతే! మెచ్చుకోలు కోసం నేను నోరు తెరుచుకుని అరుగు మీద పొద్దూకే దాకా కూర్చున్నాను, ఈగలు వచ్చి లోపల చూసి పోయాయి. ఆ చుక్కలో కుడి మూల ఒక వెంట్రుకవాసి పొడుగు. అది నాకు, తాతకు తప్ప ఇంకెవరికీ కనిపించదు.

అవి చెడ్డరోజులు. అటుపక్క ఊళ్లలో రైతుల సంఘం లేచింది, దొరలకు వెట్టి చెయ్యం అంటున్నారు. ఇటుపక్క దొర మనుషులు కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు. మా ఊరి మల్లయ్య, నేను మామా అని పిలిచే రైతు, తండ్రితో కలిసి తవ్వుకున్న బావి మీద దొర కన్నుపడింది. మోట విప్పించి, బావి నీళ్లు తన మామిడితోటకు మళ్లించుకున్నాడు. మల్లయ్య మామ వచ్చి మా అరుగు మీద కూర్చుని, మోటతాడు ముక్కను విప్పుతూ పేనుతూ ఉన్నాడు. ఆఖరికి తాతే అన్నాడు, "రాస్త తియ్" అని. అవ్వ లోపల గుండె పట్టుకుంది. పక్క ఊళ్లో దొర మీద అర్జీ రాసిన మనిషిని గడికి తీసుకుపోయి రెండు మణికట్లూ రోకలితో విరగ్గొట్టారు. ఆయన ఆ తర్వాత అన్నం కూడా పెళ్లాం చేత తినేవాడు.

తాత తెలివిగల మనిషి. చేతిరాత పూర్తిగా మార్చి, కోడి గెలికినట్టు రాశాడు. కలం పట్టి కూడా మనిషిని గుర్తుపడతారని, తాను చెక్కిన కలం వాడలేదు. నేను చెక్కినది వాడాడు. ఒక్క విషయం మరిచాడు. నాకు కలం చెక్కడం నేర్పింది తానే. శిష్యురాలు అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకుంటుందని ఏ గురువు అనుకుంటాడు?

అర్జీ వరంగల్ దాకా పోయింది. అక్కడి హుజూరు, దొర మీద ఫిర్యాదు గనుక సంగతి విచారించి తెలుపవలసిందని కింద రాసి, దాన్ని తిన్నగా దొరకే పంపించాడు. సర్కారు అంటే అలా ఉండేది. ఇప్పుడు అలా ఉండదు, మధ్యలో ఇంకో రెండు సంతకాలు ఎక్కువ ఉంటాయి.

ఒక మిట్టమధ్యాహ్నం గడి గుమాస్తా నర్సింగరావు మా ఇంటికి వచ్చాడు. ఆయన మీసాలు మా వాడలోకి ఆయనకన్నా గడియ ముందు వచ్చేవి. వెనుక కర్రలు పట్టుకుని ఇద్దరు. తాత అరుగు మీద నాకు ఎక్కాలు చెప్పిస్తున్నాడు.

"రాండ్రి పంతులూ, కూసోండ్రి" అన్నాడు తాత.

"కూసునుడు కాదు రాజలింగం. గీ కాయితం జూడు."

తాత కాగితాన్ని చెయ్యి చాపినంత దూరం పట్టి, పెదవులు కదుపుతూ చదివాడు, మొదటిసారి చదువుతున్నట్టు. "ఎవలో మంచిగనే రాసిండ్రు. రాత మాత్రం పిచ్చిరాత."

"రాత దాసిండు. నిజమే. కని చుక్క దాసలే." గుమాస్తా గోరుతో కాగితం మీద కొట్టాడు. "గీ తాలూకాల గిసొంటి చుక్క పెట్టేటోడు ఒక్కడే ఉన్నడు. ఎవడు?"

"మీరే చెప్పాలె."

"నేను చెప్పుడెందుకు? ఇగో పుల్ల. నా ముందల చెక్కు. చెక్కి దీని పక్కన పది చుక్కలు పెట్టు. కలిస్తె గడికి పోదం. కలవకుంటె మీ ఇంట్ల సల్ల తాగి నా తొవ్వ నేను పోత."

బాగా చెక్కితే చుక్కలు కలుస్తాయి. చెడగొడితే, నలభై ఏళ్లు ఊరికీ గడికీ కలాలు చెక్కిన మనిషి ఈ రోజే ఎందుకు చెడగొట్టాడని అడుగుతారు. గుమాస్తా జేబులో ఉన్న కలం కూడా తాత చెక్కినదే. తాత చాకు తెరిచాడు. టిక్. అవ్వ తలుపు చాటున నిలబడింది. ఏటవాలు కోత పడింది. ఒక భుజం, రెండో భుజం. నుదుటి మీద చెమట మొలకెత్తినట్టు బొట్లుబొట్లుగా లేస్తున్నది.

అప్పుడు నేను మెడ సాచి ఆ అర్జీ చూశాను. చుక్కలు చూశాను. ప్రతి చుక్కకూ కుడి మూల వెంట్రుకవాసి పొడుగు. నావి! వరంగల్ దాకా పోయి, ఇంతమంది హుజూర్ల చేతులు మారి, మీసాలతో సహా గుమాస్తాను మా ఇంటికి నడిపించుకొచ్చిన చుక్కలు నావి! తాలూకా మొత్తంలో ఇలాంటి చుక్క లేదని ఆయన నోటితోనే అన్నాడు. నా ఒళ్లు పులకరించింది. పైగా నా బుర్రకు ఒక న్యాయం కూడా తోచింది. ఆ కలం తాతది కాదు, నాది అని చెబితే, తాత బయటపడతాడు, నాకు పేరు వస్తుంది. ఇంత చక్కటి ఉపాయం పెద్దవాళ్లకు ఎందుకు తట్టలేదో అనుకున్నాను.

"ఆ చుక్క..." అన్నాను.

మీసాలు నా వైపు తిరిగాయి. "ఏంది పొల్లా? ఆ చుక్కకేమైంది?"

"ఆ చుక్క తాతది కా..."

తాత అప్పుడు చీలిక పెడుతున్నాడు. మొన వెదురులో ఉంది. ఊరందరికీ నలభై ఏళ్లు చెయ్యొద్దని చెప్పిన పనిని తాత ఆ క్షణంలో చేశాడు. మొన గుచ్చి, చాకును పైకి లేపాడు. పటుక్కుమంది. అలుగు చూపుడువేలి కణుపు మీద పడింది. అయినా తాత పిడిని వదలలేదు, ఇంకా అదిమాడు. అది నేను చూశాను. నెత్తురు ధోవతి మీద పడింది, అరుగు మీద పడింది. నేను వేసిన కేకకు బాయి కాడి ఎడ్లు బెదిరాయని తర్వాత చెప్పుకున్నారు.

"అరెరె, సర్కారు కాయితం!" అని గుమాస్తా ముందు అర్జీని గుండెకు హత్తుకున్నాడు. ఆ తర్వాత తాత వేలు చూసి, నిజంగానే ఆయన ముఖం మెత్తబడింది. తన కుడిచెయ్యి చాపాడు. అక్కడా అదే గీత. "నన్ను రెండుసార్లు కరిసింది రాజలింగం. మామిడిపండు కోస్తాంటె ఒకసారి, చెవుల గుబిలి తీసుకుంటాంటె ఒకసారి. గిది చాకు గాదు, శని. నీకు ఎన్నిసార్లు చెప్పిన? పారేయమంటె పారెయ్యవు." కర్రలవాళ్లిద్దరూ తమ వేళ్లు తాము చూసుకున్నారు. "సరె, వేలు మానినంక కబురు జేస్త. అప్పుడు చెక్కుదువు" అని లేచాడు. సల్ల కూడా తాగలేదు.

వాళ్లు మూల తిరిగారు. అవ్వ పసరు పిండుతూ, తాత ముఖంలోకి చూడకుండా అంది, "మనుమరాలి నోరు మూయనీకి ఎంత నెత్తురు గావాలయ్యా నీకు? చెంబు పెట్టమంటవా, బిందె పెట్టమంటవా?"

"సరిపోయింది తియ్. మూసింది."

"ఆ చుక్క నాదే గద తాతా?" అని నేను వెక్కుతూ అడిగాను.

"నీదే బిడ్డా. నీదంటె నిన్నడుగుతరు ఎవలు నేర్పిండ్రని. నిన్నడిగి ఊకుంటరా? అందుకే మూయాలె."

సాయంత్రానికి ఊరు ఊరంతా మా ఇంటికి వచ్చింది, పెండ్లికి వచ్చినట్టు. నలభై ఏళ్లు తాత నవ్వు భరించినవాళ్లు ఎలా ఊరుకుంటారు? "తాతా, నిన్ను గూడ కరిసిందా? మనిషిని బట్టి కరుస్తదంటివి గద!" అని ఒకరు, "తవ్వినవా ఏంది?" అని ఒకరు. తాత అన్నిటికీ తల వంచుకుని, "అవు, తవ్విన" అన్నాడు. అంతసేపూ నవ్వనివాడు మల్లయ్య మామ ఒక్కడే. తాత కట్టుకట్టిన వేలు కేసి చూసి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

వేలు మానింది, కానీ కణుపు మళ్లీ వంగలేదు. ఎవరికో దారి చూపిస్తున్నట్టు ఎప్పుడూ నిటారుగా ఉండేది. అన్నం కలిపితే ఆ ఒక్క వేలూ అంటకుండా మిగిలేది. కలం పట్టడం పోయింది, చాకు పట్టడం పోయింది. గుమాస్తా కబురు మాత్రం రాలేదు. ఈలోగా మా ఊరికీ సంఘం వచ్చింది, దొర రాత్రికి రాత్రి హైదరాబాదు పోయాడు, మీసాలు ఆయన వెంటే పోయాయి. మల్లయ్య మామ బావికి మోట కట్టుకున్నాడు. మొదటి బొక్కెన నీళ్లు తెచ్చి తాత కాళ్ల మీద పోశాడు. అయితే ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. నిజాం రాజ్యం పోయి పట్నం నుంచి మిలిటరీ లారీలు వచ్చాయి. వాటి వెనకాలే దొర కూడా వచ్చాడు, నెత్తి మీద తెల్ల టోపీతో. సంఘానికి ఒకపూట అన్నం పెట్టినవాళ్లను కూడా క్యాంపులకు పట్టుకుపోతున్న రోజులవి. దొర మనుషులు మళ్లీ మోట విప్పారు.

ఆ బావి ఇప్పుడు మల్లయ్య మామ మనుమల దగ్గరే ఉంది. కరెంటు మోటారు పెట్టారు, కరెంటు ఉన్నప్పుడు నీళ్లు వస్తాయి. అది వాళ్ల చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు, చాలా కాగితాలు పట్టింది. నేను చెప్పేది ఆ కాగితాల్లో మొదటిదాని సంగతి.

జనగామకు కొత్త అధికారి వచ్చాడని, ఆయనకు తెలుగు వచ్చునని విన్నారు. ఒక పొద్దున మల్లయ్య మామ ఎక్కడినుంచో ఒకే ఒక తెల్లకాగితం తెచ్చాడు. దాన్ని చూడటానికే పదిమంది వచ్చారు. రెండో కాగితం ఊళ్లో లేదు. తాత చెప్పాలి, నేను రాయాలి. చాకు నేల మీద పెట్టాడు, నేను తీసుకుని కలం చెక్కాను. తాత ఒక్కొక్క మాట నమిలి చెప్పాడు, నేను ఒక్కొక్క అక్షరం ముత్యంలా దించాను. ముత్యాలు ఇప్పటికీ నా అక్షరాలను చూసి అసూయపడుతున్నాయని విన్నాను. కింద జానెడు జాగా వేలిముద్రల కోసం వదిలాం. పెద్దవాళ్లు దాన్ని ఎవరు జనగామ తీసుకుపోవాలో మాట్లాడుకుంటున్నారు. నా కలంలో ఇంకా సిరా ఉంది. నా చుక్కలను ఒకసారి దాచారు. ఈసారి దాచనివ్వనని, ఆ జానెడు జాగాలో, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నా పేరు రాశాను. భాగ్యలక్ష్మి. ఆ క్ష్మి అక్షరం నేను కొత్తగా నేర్చుకున్నది, అందుకని దానికి ఇంకొంచెం ఎక్కువ చోటు ఇచ్చాను.

తాత వంగి చూశాడు. ఆ పేరు చదవగలిగింది అక్కడ ఆయనొక్కడే. మిగతావాళ్లు ఆయన ముఖం చదివారు.

"ఏం రాసింది తాతా?" అన్నాడు మల్లయ్య మామ.

"దాని పేరు."

అందరూ కాగితాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. తర్వాత ఒకరిద్దరు గడి వైపు దారిని చూశారు. చింపితే కాగితం పొట్టిదవుతుంది, కొట్టేస్తే కొట్టేసిన పేరేంటని అడుగుతారు. మల్లయ్య మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బిడ్డా, మా నిశానీలకు జాగ యాడున్నదే?"

"కింద పెట్టుర్రి మామా."

"కింద జాగ నా కండ్లకు ఆనుతలేదు." ఎడమ బొటనవేలు సిరాలో ముంచి, నా పేరులో మొదటి అక్షరం నెత్తిమీద పెట్టి అదిమాడు.

"మామా! నా పేరు మీద పెట్టినవ్!"

"అయ్యో, చెయ్యి జారింది బిడ్డా."

తర్వాత పక్కింటి ముత్తమ్మత్త వచ్చింది. "నాది గూడ జారిందే" అంది, ఇంకా వేలు ఆనించకముందే. ఆమె తర్వాత ఒకరి వెనక ఒకరు, పొలం వేళ్లు, చాకు గీతల చేతులు, అన్నీ అక్కడే జారాయి. పేరు కింద ఖాళీ జాగా బోలెడు ఉంది, ఒక్క వేలు కూడా అటు పోలేదు. భా మునిగిపోయింది, గ్య మునిగిపోయింది, ల మునిగిపోయింది. నేను నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చాను. ఊరంతా నా మీద కక్షగట్టిందని, తెల్లారేసరికి భూపాలపల్లి అడవికి పోయి చలిజ్వరంతో చచ్చిపోతానని అరిచాను. ఎవరూ బతిమాలలేదు. అవ్వ కొంగుతో నా ముక్కు తుడిచి అలాగే పట్టుకుంది.

క్ష్మి ఒక్కటి మిగిలింది. సంతకానికి ఇంక తాత ఒక్కడే ఉన్నాడు. తాతకు ఉర్దూలో సంతకం వచ్చు, తెలుగులో వచ్చు, ఇంగ్లీషులో పేరు రాయడం వచ్చు. జీవితమంతా వేలిముద్ర వేసేవాళ్లను చూసి, ఎప్పుడు నేర్చుకుంటరురా మీరు అని తిట్టిన మనిషి. కూర్చున్నచోటి నుంచి ముందుకు జరిగాడు. నా చేతి నుంచి కలం తీసుకుంటాడనుకున్నాను. తీసుకోలేదు. ఎడమ బొటనవేలు సిరాలో ముంచి, అది తనది కానట్టు ఒకసారి తిప్పి చూసుకుని, ఆ క్ష్మి మీద పెట్టాడు. అటు ఒక దొర్లింపు, ఇటు ఒక దొర్లింపు, మిగతావాళ్లు ఎలా పెట్టారో అలాగే. కుడిచేతి నిటారు వేలు గాలిలో ఎవరికో దారి చూపిస్తున్నది.

నేను ఏడుపు ఆపి, నీ చెయ్యి కూడా జారిందా తాతా అని అడిగాను.

"నాది జారలే బిడ్డా," అన్నాడు తాత. "నేను సూసే పెట్టిన."